అమ్మ గురించి రాద్దామని కూర్చుంటే మూడు లైన్లే వచ్చినయ్

ప్రశ్న: అక్కా, మాది కలిగిరి దగ్గర పల్లె. పెళ్ళయ్యాక బెంగుళూరులో ఉంటన్నా. మా అమ్మ పోయి వచ్చే నెలకి ఏడాది. సంవత్సరీకానికి మా అన్న సెంటర్లో పెద్ద ఫ్లెక్సీ, పేపర్లో ఫోటోతో యాడ్, అయిదొందల మందికి భోజనాలు అంటన్నాడు. నాకేమో అందులో కొంచెం డబ్బు తీసి అమ్మ గురించి చిన్న పుస్తకం వేయించి మనవళ్ళకి మనవరాళ్ళకి తలా ఒకటి ఇవ్వాలనుంది. అన్న నవ్వాడు, "అమ్మ గురించి ఏం రాస్తావే, వంట చేసింది, పొలం పోయింది, మనల్ని పెంచింది, అంతేగా" అన్నాడు. కోపం వచ్చింది గానీ తీరా రాద్దామని కూర్చుంటే నాకూ మూడు లైన్లే వచ్చినయ్. సహనానికి మారుపేరు, త్యాగమూర్తి, మా కోసమే బతికింది. ఆ తర్వాత పెన్ను కదల్లా.

అమ్మ బడికి పోలా, సంతకం మాత్రం చేసేది, ఎవరు నేర్పారో తెలీదు. ఆధార్లో పుట్టిన తేదీ 1-1-1955 అని ఉంది, అది ఎవరో వేసిందే. అన్న నెలల పిల్లాడిగా ఉన్నప్పుడు దివిసీమ ఉప్పెన వచ్చిందనీ అప్పటికి తనకి పద్దెనిమిదో పంతొమ్మిదో అనీ చెప్పేది. 2005లో నా పెద్దోడు పుట్టాక ఐదేళ్ళు మా ఫ్లాట్లోనే ఉండి పిల్లలిద్దర్నీ సాకింది, బాల్కనీ కుండీల్లో సొరతీగ పాకించింది, ఆమె లేకపోతే నేను ఉద్యోగం చేసేదాన్నే కాదు. చివరి రెండేళ్ళు మంచంలో ఉంది, వదిన చూసుకుంది. ఇంకోటి, అడగాలంటే సిగ్గుగా ఉంది. 97లో నా ఇంటర్ అయ్యాక నాయన చదువు చాలన్నాడు, అమ్మ ఒక్క మాట మాట్లాడలా, గమ్మున పొయ్యికాడ కూర్చుంది. తర్వాత ఎందుకో నాయనే మనసు మార్చుకుని కావలిలో డిగ్రీలో చేర్పించాడనుకోండి, కానీ ఆ రోజు ఆమె మాట్లాడకపోవడం నాకు ఇప్పటికీ గుచ్చుకుంటది. అది రాయొచ్చా? ట్రంకుపెట్టెలో పొదుపు పుస్తకం, రెండు పాత చీరలు, సొరవిత్తనాల పొట్లం, రొట్టెల పండక్కి తీసుకుపోయే గుడ్డసంచి తప్ప ఏం లేవు. డిగ్రీ మొదటేడు సెలవులకి నేను ఇంటికొస్తే గుట్టగా రొట్టెలు కాల్చి ఆ సంచిలో పెట్టుకుని నెల్లూరు పోయింది, మమ్మల్ని ఒక్కటి ముట్టుకోనియ్యలా, అదొకటి గుర్తుంది. ఇంతే అక్కా. ఇంతదానితో పుస్తకం అవుద్దా?

జవాబు: అవుద్ది చెల్లీ. కాకపోతే ముందు ఆ మూడు లైన్లు కొట్టెయ్.

అవి మీ అమ్మ కోసం పుట్టిన మాటలు కావు. కావలి నించి ఒంగోలు దాకా హైవే మీద ఏ ఊళ్ళో దిగినా ఏదో ఒక స్తంభానికి అయ్యే మాటలు కట్టి ఉంటయ్, ఫోటో ఒక్కటే మారుద్ది. మా అమ్మ పోయినప్పుడు మేమూ అదే చేశాం, ఫ్లెక్సీ వేసే కుర్రాడు "అమృతమూర్తి అని రెడీగా ఉందక్కా, పేరు మారిస్తే సరిపోద్ది" అంటే సరే కానీయ్ అన్నాం, ఏడ్చి ఏడ్చి ఉన్నాం, ఎవరికి ఓపిక. ఫోటో మా చిన్నాన్న కూతురి పెళ్ళి ఆల్బంలోంచి కత్తిరించాడు, తీరా కట్టాక చూస్తే మా అమ్మ భుజం మీద ఎవరిదో గాజుల చెయ్యి ఉంది, మనిషి లేదు. దినాలు అయ్యేదాకా ఆ చెయ్యి అట్టాగే ఉంది సెంటర్లో. ఇప్పటికీ మా ఇంట్లో నలుగురం కలిస్తే ఆ చెయ్యి ఎవరిదని కొట్లాడుకుని నవ్వుకుంటాం, అమృతమూర్తి అన్న మాట మాత్రం ఎవ్వరం ఎత్తం.

సరే, నీ సంగతికొస్తా. నీ ఉత్తరం నాలుగుసార్లు చదివా. ఏం లేదు ఏం లేదు అంటానే చాలా రాశావ్, కాకపోతే ఒకటి పైన రాసి ఇంకోటి కింద రాసి రెండూ కలిపి చూసుకోలా.

రొట్టెల సంగతే చూడు. నెల్లూరోళ్ళకి చెప్పక్కర్లా గానీ బయటోళ్ళు కూడా చదువుతారు కాబట్టి చెప్తన్నా, మొహర్రంకి బారాషహీద్ దర్గా కాడ స్వర్ణాల చెరువులో జరిగే పండగ అది, ఏ మతమని లేదు, అందరూ పోతారు. ఒక ఏడాది నువ్వు ఏదో ఒకటి మనసులో అనుకుని, ఆ కోరికే తీరినోళ్ళ చేతిలోంచి రొట్టె తీసుకుంటావ్. పెళ్ళి రొట్టె, సంతానం రొట్టె, ఉద్యోగం రొట్టె, చదువు రొట్టె, ఆరోగ్యం రొట్టె, చెరువు నీళ్ళలో నిలబడి పేరు చెప్పి మరీ ఇస్తా పుచ్చుకుంటా ఉంటారు. అనుకున్నది జరిగితే మళ్ళీ ఏడాది నువ్వే రొట్టెలు చేసుకుని పోయి, అదే కోరికతో వచ్చినోళ్ళకి పంచాలి. అంటే మనిషి ఇంట్లో రొట్టెలు కాల్చుకుని సంచి కట్టిందంటే ఆమె అనుకున్నదేదో అప్పటికే జరిగిపోయింది.

ఇప్పుడు లెక్కేసుకో. మొహర్రం మన క్యాలెండర్లో ఏటా పది పదకొండు రోజులు ముందుకి జరుగుద్ది కదా, 1997లోనూ 1998లోనూ ఆ పండగ మే నెలలో పడింది. 97 మే అంటే నీ ఇంటర్ అయి మీ నాయన చదువు చాలన్న ఎండాకాలం. 98 మే అంటే నువ్వు డిగ్రీ మొదటేడు అయి ఇంటికొచ్చిన ఎండాకాలం. ఆ ఎండలో పొయ్యి ముందు కూర్చుని గుట్ట కాల్చి, నీ చేత ఒక్కటి కూడా ముట్టించకుండా, ముక్కూ మొహం తెలీని ఎవరి బిడ్డల కోసమో బస్సెక్కి మోసుకుపోయింది. ముందేడు ఆమె చెరువులో ఏ రొట్టె పుచ్చుకోనుంటదో ఇంక నేను చెప్పాలా.

ఆగు, తప్పయ్యుండొచ్చు కూడా. మీ అన్న ఆరోగ్యం కోసమో ఇంటి కోసమో పొయ్యుండొచ్చు. ఉత్తరం చదివి ఊహించుకునే దాన్ని నేను, నా మాట పట్టుకుని పుస్తకంలోకి ఎక్కించబాకు. అంత దూరం ఒక్కతే పోయుండదు, పక్కింటామో, చెల్లెలో, పొదుపు గ్రూపులో ఆమో ఎవరో ఒకరు తోడు పోయుంటారు, వాళ్ళలో ఒకరిద్దరు ఊళ్ళో ఉండే ఉంటారు. పోయి అడుగు. ఫోన్లో కాదు, మనిషివి పోయి అడుగు.

పోయేటప్పుడు ఆ పొదుపు పుస్తకం సంచిలో పెట్టుకో. నాకు మొదట కన్ను పడింది దాని మీదే. మన జిల్లాలో సారా ఉద్యమం అయ్యాక పొదుపు గ్రూపులు ఊరూరా పెట్టారు, పొదుపు లక్ష్మి అనేవాళ్ళు, రోజుకి రూపాయి లెక్కన నెలకి 30 రూపాయలు కట్టేది, అందులోంచే అవసరమైనామె అప్పు తీసుకునేది. ఆ రూపాయి ఎక్కడిదనుకుంటన్నావ్, కూలి డబ్బుల్లోంచి మొగుడికి చెప్పిందీ చెప్పందీ కలిపి పక్కన పెట్టింది. నువ్వు 97 జూన్, జులై, ఆగస్టు పేజీలు తీసి అప్పు రాసే కాలంలో ఏమన్నా ఉందేమో చూడు. కావలిలో డిగ్రీ అంటే ఫీజు కట్టాలి, బస్సు చార్జీలో హాస్టలో ఉండాలి, రెండు జతల బట్టలన్నా కావాలి, మీ నాయన మనసు మార్చుకున్నంత మాత్రాన అవన్నీ రావు కదా. "ఎందుకో మనసు మార్చుకుని" అని రాశావే, ఆ ఎందుకో కాడే మీ అమ్మ కూర్చోనుంది అని నా అనుమానం.

మాట్లాడలా అంటావ్. ఆ ఇళ్ళలో మగమనిషి ఒక మాట అనేశాక పిల్లల ముందే ఎదురు చెప్తే ఆ మాట రాయైపోయేది, ఇంక కదిలేది కాదు. మా అమ్మా అంతే, పగలంతా నోట్లో నాలుక లేనట్టే ఉండేది, రాత్రి వసారాలో నాయనకి ఆకులూ వక్కా ఇస్తా నాలుగు రోజులు నస పెట్టి అయిదో రోజుకి పని అయ్యేట్టు చేసేది, పైగా తెల్లారాక మీ నాయనే అన్నాడమ్మా అని మాకు చెప్పేది, మేమూ నమ్మేవాళ్ళం. మీ అమ్మా అట్టా చేసిందో లేదో నాకు తెలీదు. రాయొచ్చా అని అడిగావ్ కదా, రాయ్. ఆ రోజు మాట్లాడలేదనీ రాయ్, నీకు ఇరవై తొమ్మిదేళ్ళుగా గుచ్చుకుంటందనీ రాయ్. ఆ తర్వాత తెలిసిందేదో అది రాయ్, ఏమీ తెలీకపోతే తెలీలా అనే రాయ్. సర్ది చెప్పి, అమ్మకి అన్నీ తెలుసు అని చక్కగా ముడేసి పెట్టబాకు, రేపు మీ అమ్మాయి చదివితే నమ్మదు.

సంతకం ఎవరు నేర్పారో తెలీదన్నావ్. 1990, 91 ప్రాంతాల్లో నెల్లూరు జిల్లాలో అక్షరదీపం అని సంపూర్ణ అక్షరాస్యత కార్యక్రమం నడిచింది, పగలు కూలికి పోయొచ్చి రాత్రిళ్ళు వీధిలైటు కిందా, రామాలయం కాడా పలకలు పట్టుకుని కూర్చునేవాళ్ళు ఆడోళ్ళు. అందరికీ దూబగుంట పేరు తెలుసు, అది మీ కలిగిరి మండలమే కదా. రోశమ్మ, ఆ ఊరి ఆడోళ్ళు 1992లో సారా కొట్టు మూయించడానికి లేచింది ఆ చదువు పుస్తకంలో పాఠం చదివాకే. అక్కడ మొదలైంది జిల్లా అంతా పాకి, సారా వేలంపాటలు ఆగిపోయి, 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా బంద్ అయింది. అప్పటికి మీ అమ్మకి ముప్పై నాలుగో అయిదో. మీ నాయన తాగేవాడో లేదో నువ్వు రాయలా, నేనడగను. మీ ఊళ్ళో కొట్టు మీదకి చీపుర్లు, కారప్పొడి పట్టుకుని పోయారా, పోతే ఆ గుంపులో మీ అమ్మ ముందుందా వెనకుందా, అసలు గడప దిగిందా లేదా, ఈ ముక్క ఊళ్ళో అరవై దాటిన ఏ ఆడమనిషిని కదిపినా చెప్పుద్ది. ఆమె దిగలేదనే తేలిందనుకో, అదీ ఒక సంగతే.

వయసు లెక్క కూడా సరిచేసుకో. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19. అప్పటికి పద్దెనిమిదో పంతొమ్మిదో అంటే పుట్టింది 1958, 59లో. ఆధార్ మూడు నాలుగేళ్ళు ఎక్కువ వేసింది ఆమెకి. ఇంకోటి కూడా తేలింది, నువ్వు చూసుకున్నావో లేదో, 2005లో నీ కొడుకుని ఎత్తుకోడానికి బెంగుళూరు వచ్చిననాడు మీ అమ్మకి నలభై ఆరో నలభై ఏడో. ఇప్పుడు నీకెంత? 97లో ఇంటర్ అంటే నువ్వూ ఆ దగ్గర్లోనే ఉండాల. మీకు అమ్మమ్మ అనంగానే ముసలామె కనపడుద్ది, నీ వయసు మనిషి అప్పుడామె, మొగుణ్ణీ ఇంటినీ పొలాన్నీ ఊళ్ళో వదిలేసి, భాష రాని ఊళ్ళో, తలుపేసుకుని ఉండే ఫ్లాట్లో ఐదేళ్ళు. నువ్వు పొద్దన తొమ్మిదింటికి ఆఫీసుకు పోయాక సాయంత్రం దాకా ఆమె ఎవరితో మాట్లాడేది? సొరతీగ ఊరికే పాకించుండదమ్మా.

అన్నట్టు ఆ పొట్లం పెట్టెలోనే ఉంచి దణ్ణం పెట్టుకోబాకు. తేమ తగలకుండా ఉంటే ఇంకా మొలవొచ్చు, నాటెయ్.

ఇప్పుడు నన్ను ఆపేసిన లైను చెప్తా, ఏమనుకోబాకు. "చివరి రెండేళ్ళు మంచంలో ఉంది, వదిన చూసుకుంది." అంతే. రొట్టెలకి ఇచ్చినంత చోటు కూడా ఇవ్వలా వదినకి. మంచంలో ఉన్న మనిషిని రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి, లేకపోతే వీపు మీద పుండ్లు పడతయ్, అది రాత్రి కూడా తిప్పాలి, రెండేళ్ళు. చేసినోళ్ళకి తెలుసు, నేను మా అత్తకి ఎనిమిది నెలలు చేశా, ఎనిమిది నెలలకే నా నడుం పోయింది. మంచాన పడ్డోళ్ళు పగలు వచ్చినోళ్ళతో బాగున్నాను బాగున్నాను అంటారు, అసలు మాటలు రాత్రి రెండింటికి వస్తయ్. చిన్నప్పుడు చచ్చిపోయిన తమ్ముడి పేరు, ఎవరికో ఇయ్యాల్సిన బాకీ, తినాలనిపించింది, భయం, అన్నీ అప్పుడే వస్తయ్. అవన్నీ విన్నది నువ్వు కాదు, మీ అన్న కూడా కాదు.

కాబట్టి మొదట కూర్చోవాల్సింది వదిన దగ్గర. "పుస్తకం వేస్తన్నా వదినా, అత్తమ్మ గురించి నాలుగు ముక్కలు చెప్పు" అంటే ఏం చెప్పుద్ది, మంచిది పాపం అంటది, అయిపోద్ది. వంటింట్లో పక్కన కూర్చుని చిక్కుడుకాయలకి నారలు తీస్తా, ఫోను రికార్డింగ్ పెడతన్నా వదినా అని చెప్పి పక్కన పెట్టి, నువ్వు కాపురానికొచ్చిన రోజు అత్తమ్మ ఏం చేస్తా ఉంది అని అడుగు. మొదటిసారి ఎందుకు తిట్టింది అని అడుగు, ఆ ప్రశ్నకి ఏ కోడలూ గమ్మునుండదు. పులుసులో చింతపండు ఎంతేసేది, పులిబొంగరాల పిండి ఏ పూట కలిపేది, అయ్యన్నీ గ్రాముల్లో రావు, చెయ్యి చూపించి ఇంత అంటది, ఆ చెయ్యి ఫోటో తీసుకో. మీ అమ్మ మీద కంప్లైంట్లు కూడా వస్తయ్, రానీయ్. అడ్డం పడి మా అమ్మ అట్టాంటిది కాదే అన్నావంటే ఆమె నోరు మూసుకుంటది, ఇంక తెరవదు. పుస్తకంలో ఆ రెండేళ్ళకి వదిన పేరుతోనే ఒక పేజీ పెట్టు, ఆమె మాటల్లోనే.

అన్నతో కొట్లాడబాకు. ఫ్లెక్సీ కట్టుకోనీ, మగాళ్ళు చాలామందికి ఏడుపు అట్టానే వస్తది, గుంజలూ తాళ్ళూ పట్టుకుని తిరిగితే వాళ్ళకి కొంచెం తేలికవుద్ది. అయిదొందల మందిలో యాభై మందిని తగ్గించమని అడుగు, యాభై భోజనాల డబ్బులకి నీ పుస్తకం అయిపోద్ది. "అంతేగా" అన్నాడని పట్టుకుని కూర్చోబాకు, అతన్ని 89 నవంబరు తుఫాను గురించి అడిగి చూడు. కావలి కాడే తీరం దాటింది అది, మీ వైపు ఇళ్ళు ఎన్ని పోయినయ్యో చెట్లు ఎన్ని పడినయ్యో నీకంటే అతనికే బాగా గుర్తుంటది, అప్పటికి పన్నెండేళ్ళోడు. ఆ రాత్రి అమ్మ మనల్ని ఎక్కడ కూర్చోబెట్టింది, బర్రెల్ని ఎవరు విప్పారు, తెల్లారి పొయ్యి ఎట్టా వెలిగింది అని అడుగు. అమ్మ గురించి చెప్పమంటే తప్పించుకునే మనిషి తుఫాను గురించి అడిగితే గంట మాట్లాడతాడు, ఆ గంటలో సగం అమ్మే ఉంటది.

పిల్లలు తెలుగు రాయలేకపోతే బలవంతం పెట్టబాకు. వాయిస్ మెసేజ్ పంపమను, నువ్వు రాసుకో, వాళ్ళు వాడిన మాటలు మార్చకుండా. నీ పిల్లలకి ఆమె అమ్మమ్మ, అన్న పిల్లలకి జేజి, ఇద్దరు వేరే వేరే మనుషుల గురించి చెప్పినట్టు ఉంటది చూడు.

పని సంగతులు రెండు మూడు, తొందరగా చెప్తా. అమ్మ పంపిన వాయిస్ మెసేజ్‌లు ఎవరి ఫోన్లో ఉన్నా ఈ రోజే మీడియాతో సహా చాట్ ఎక్స్‌పోర్ట్ కొట్టి రెండు చోట్ల పెట్టించు, నేను మా అమ్మ గొంతు ఉన్న ఫోన్ని కొత్త ఫోన్ కోసం ఎక్స్ఛేంజ్‌కి ఇచ్చేసినదాన్ని, "అన్నం తిన్నావా" అని మూడు సెకన్లది ఒకటి ఉండేది, ఇంక ఎక్కడా లేదు. ఫ్రేములో ఉన్న పాత ఫోటో అద్దానికి అతుక్కుని ఉంటే లాగబాకు, మొహం ఊడొస్తది, అద్దం తుడిచి అట్టాగే పగటి వెలుతుర్లో ఫ్లాష్ లేకుండా తీయించు. పేజీలు నాలుగు చొప్పున చూసుకో, పదహారో ఇరవయ్యో, మధ్యలో పిన్ను కొట్టే పుస్తకానికి అట్టాగే కుదురుద్ది. నువ్వు ఫోన్లో టైపు చేసింది డీటీపీ వాళ్ళు అను ఫాంట్‌లోకి మార్చేటప్పుడు ఒత్తులు అటూ ఇటూ అవుతయ్, ప్రింటుకి ముందు ఒక కాపీ తీసుకుని కూర్చుని చదువు, అమ్మ పేరు ముందు చూడు. నెల టైముంది నీకు, చాలుద్ది. సంవత్సరీకం తిథిని బట్టి వస్తది, తేదీకి ముందో వెనకో పడుద్ది, ఆ రోజు ఏదో అయ్యవారిని అడిగి కనుక్కుని ప్రింటు వాడికి దానికి వారం ముందే కావాలని చెప్పు, వాళ్ళు ఎట్టాగూ లేటు చేస్తారు.

97 జూన్ పేజీ చూశాక నాకు ఒక లైను రాయ్. ఏమీ లేకపోయినా రాయ్.